ఈనగానే దూడ మీద కాకులు, గద్దలు పడకుండా ఏం చేయాలి?

ప్రశ్న: పచ్చికబీడు

ఆరుబయట ఈనే ఆవులు ఎనిమిది ఉన్నాయి, అందులో మూడు తొలిచూలువి. నెలలోపు అన్నీ ఈనుతాయి. చుట్టుపక్కల చెట్ల మీద మాలకాకుల గుంపు ఉంది, గద్దలూ తిరుగుతున్నాయి. దూడ తల బయటకు రాగానే కళ్లు, నాలుక పొడుస్తాయనీ, కింద పడ్డాక బొడ్డు పట్టి లాగుతాయనీ తెలుసు. దిష్టిబొమ్మ, మెరిసే రిబ్బన్లు చాలా, వల కట్టాల్సిందేనా? కడితే వల కన్ను (రంధ్రం) ఎంత ఉండాలి? రాత్రి ఈనితే కాకుల బాధ తప్పుతుందంటారు, నిజమేనా?

జవాబు: చూడిలెక్క

రిబ్బన్ల సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు గంటల లెక్క చూసుకోండి. నీటితిత్తి (ఉమ్మనీటి సంచి) కనబడ్డప్పటి నుంచి దూడ లేచి పొదుగు పట్టేదాకా ఉన్న వ్యవధే గండం. ఈతలు తేలిన ఆవు నీటితిత్తి కనబడ్డాక గంటలోపే ఈనేస్తుంది, తొలిచూలుదానికి రెండు గంటలు పట్టొచ్చు. గట్టి దూడ గంటలో నిలబడుతుంది, రెండు గంటల్లో పాలు తాగుతుంది. ఆపైన తల్లి వెంట తిరిగే దూడ జోలికి కాకి వెళ్లడం తక్కువ. అంటే ఒక్కో ఆవుకు మూడు నాలుగు గంటలు మనిషి కాపలా గానీ, పైన కప్పు గానీ ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

ఆ గంటలు ఎప్పుడొస్తాయో పట్టుకోవాలంటే రోజూ పొద్దున, సాయంత్రం తోక మొదలు తడిమి చూడండి. రెండు పక్కలా తాడులా బిగుతుగా ఉండే నరాలు పూర్తిగా జారి గుంట పడితే సాధారణంగా ఒక రోజులో ఈనుతుంది. పొదుగు బిగిసి చన్నులు నిగనిగలాడుతుంటే ఇక బయటకు వదలొద్దు.

రాత్రి ఈనితే మంచిదన్నది సగమే నిజం. పక్షుల తాకిడి తెల్లారే వేళకే మొదలవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పుట్టి, ఇంకా తడి ఆరక కూలబడి ఉన్న దూడే వాటికి సులువుగా దొరికేది. మేత సాయంత్రం చీకటిపడే వేళకు మారిస్తే పగటిపూట ఈతలు పెరుగుతాయి. ఈతలు మొదలవడానికి రెండు మూడు వారాల ముందే ఆ అలవాటు చేయాలి. పగలు కనిపెట్టుకుని ఉండే మనిషుంటేనే ఈ పద్ధతి పెట్టుకోండి. లేకపోతే దూడల్ని మీరే పక్షుల వేళకు అందించినట్టవుతుంది.

తొలిచూలు మూడింటినీ ఇంటికి దగ్గరగా ఉంచండి. వాటికి కాన్పు ఎక్కువసేపు పడుతుంది. దూడ తల బయటే ఉండిపోయి నాలుక వాచి వేలాడుతుంటే కాకి నేరుగా అక్కడే పొడుస్తుంది.

జవాబు: తీగమోకు

వల గురించి. కాకికీ గద్దకీ 50 మి.మీ. కన్ను, అంటే రెండంగుళాలు, సరిపోతుంది. పిచ్చుకల కోసం అమ్మే సన్నకన్ను వల కడితే ఆకులు నిండి బరువెక్కి జారుతుంది, గాలికి చిరుగుతుంది. చేపల గాలం దారంలాంటి సన్ననిది అసలే వద్దు, పక్షులు చిక్కుకుని చస్తాయి. ముడులు వేసి అల్లిన లావు దారం వల తీసుకోండి.

ఒక్కో ఆవుకు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు దొడ్డి చాలు. ఎనిమిదీ ఒకేసారి ఈనవు కాబట్టి అలాంటివి రెండు మూడు ఉంటే వంతులవారీగా వాడుకోవచ్చు. వల ఎత్తు 8 అడుగులకు తగ్గకూడదు, తగ్గితే కొమ్ములు తగులుతాయి. ముందు చుట్టూ జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) బిగించి, మధ్యలో ఐదారు అడుగులకొక అడ్డతీగ వేసి, దాని మీద వల పరిచి రింగులతో పట్టించండి. తీగ బిగించే మరను ఒక మూలైనా పెట్టుకుంటే తర్వాత సాగినప్పుడు పనికొస్తుంది.

ఎక్కువమంది పక్కలు వదిలేస్తారు. పైన వల ఉంటే కాకి దిగదు, నడిచి లోపలికి వస్తుంది! పక్కల వల నేల దాకా దించి అడుగున కట్టేయండి, గేటు కింద సందు కూడా మూయండి. పక్కవల కర్రలకు బయటివైపు ఉండాలి, లోపలుంటే దూడ కాళ్లు ఇరుక్కుంటాయి.

కింద పొడి గడ్డి మందంగా పరవండి. జారే నేల మీద దూడ లేవడానికి తంటాలు పడుతుంది, గండం అంతసేపూ సాగుతుంది.

జవాబు: మాయతట్ట

పై రెండూ సరే, పక్షుల్ని పిలిచేది మాత్రం మాయ (దూడ తర్వాత పడే పొర), నెత్తురు తడి. మాయ మామూలుగా 8 నుంచి 12 గంటల్లో పడిపోతుంది. వేలాడుతుండగా కాకులు లాగి మానాన్ని కూడా పొడుస్తాయి. అలాగని చేత్తో లాగొద్దు, రాయి కట్టొద్దు. 12 గంటలు దాటితే పశువైద్యుణ్ణి పిలవండి. పడ్డ మాయను గ్లవ్స్ వేసుకునే తీయాలి, ఎందుకంటే పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ జబ్బు మనిషికీ అంటుతుంది. మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చి, తడిసిన గడ్డి కూడా తీసేయండి.

బొడ్డు తాడును 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో మొదలుదాకా ముంచండి, పైపైన పూస్తే సరిపోదు. 12 గంటలకు మరోసారి ముంచండి. తడిగా వేలాడే బొడ్డునే పక్షి లాగుతుంది, ఎండి బిగిసిందాన్ని అంతగా పట్టించుకోదు. తోక కింద అంటుకున్న పసుపుపచ్చ జిగట పేడ కూడా తుడిచేయండి, అక్కడా పొడుస్తాయి.

రిబ్బన్లు, శబ్దాలు పనిచేసేది కొద్దిరోజులే. ముందు నుంచీ కట్టి ఉంచితే ఈతల వేళకు పక్షులకు అలవాటైపోతాయి. మొదటి ఆవుకు పొదుగు దిగాకే కట్టి, రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి. దొడ్డి పక్కన మోడుచెట్టు ఉంటే కొట్టేయండి, అదే వాటి కాపలా కొమ్మ.

విషం పెట్టిన గుడ్ల ఆలోచన రానీయకండి. కుక్కలూ చస్తాయి, పైగా చాలా దేశాల్లో ఈ పక్షులకు చట్టరక్షణ ఉంది. గద్దలతో పాటు రాబందులూ కనబడితే, అవన్నీ ఒకటి కావు. అమెరికా ఖండాల నల్లరాబందులు బతికున్న దూడల మీద పడతాయి, ఆసియా రాబందులు తినేది కళేబరాలే. డైక్లోఫెనాక్ (నొప్పి మందు) వేసిన పశువు చస్తే కళేబరం ఆరుబయట పడేయొద్దు, తిన్న రాబందుల కిడ్నీలు పాడై చస్తాయి.

పచ్చికబీడు: ఒకవేళ పొడిచేస్తే? దూడ చచ్చి కనబడితే, పక్షులు చంపాయో చచ్చాక తిన్నాయో ఎలా తెలుస్తుంది?

జవాబు: చూడిలెక్క

కంటికి దెబ్బ తగిలితే శుభ్రమైన సెలైన్‌తో కడిగి నీడలో ఉంచండి. ఇంట్లో ఉన్న కంటి మందు వేయొద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీద పుండు ముదురుతుంది. నాలుక తెగి చప్పరించలేకపోతే ముర్రుపాలు గొట్టంతో పట్టించాలి: 30 కిలోల దూడకు మొదటి ఆరు గంటల్లో సుమారు 3 లీటర్లు. గొట్టం వేయడం రానివారు పూనుకోవద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బొడ్డు దగ్గర పేగు బయటపడితే లోపలికి నెట్టకుండా సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ చుట్టి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చిన్న గాయాలకు కూడా ఈగలు వాలి పురుగు పడకుండా రోజూ చూడాలి.

చచ్చిన దూడ గాయాల చుట్టూ చర్మం ఒలిచి చూడండి. కింద నెత్తురు గడ్డకట్టి కమిలి ఉంటే బతికుండగా పొడిచినట్టు, కమిలిన జాడే లేకపోతే చచ్చాక తిన్నట్టు. గిట్టల అడుగున పుట్టుకతో పసుపుపచ్చని మెత్తటి కుచ్చు ఉంటుంది, నడిస్తే అరుగుతుంది. అది చెక్కుచెదరకుండా ఉంటే దూడ లేవనే లేదు. ఊపిరితిత్తి ముక్క నీళ్లలో మునిగితే ఊపిరే తీసుకోలేదు; తేలితే తీసుకున్నట్టు, కుళ్లిందైతే మాత్రం ఈ పరీక్ష చెల్లదు. ఊపిరి తీయకుండా పుట్టిన దూడలు ఒకటికి మించి కనబడితే వల బిగించి లాభం లేదు. కాన్పు కష్టమవుతోందా, చూడిలో జబ్బేమైనా ఉందా అని పరీక్ష చేయించండి.