బయోమెట్రిక్స్‌లో డీఎన్‌ఏ కూడా తీస్తారా?

ప్రశ్న (కొత్తగా వచ్చినవారు, ఇర్వింగ్): అందరికీ నమస్కారం. మా ఆయన గ్రీన్‌కార్డ్ ఫైలింగ్‌లో నాకూ బయోమెట్రిక్స్ నోటీసు వచ్చింది. బుగ్గలో పుల్ల పెట్టి డీఎన్‌ఏ తీస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? మన గురించి ప్రభుత్వం దగ్గర ఏముందో అడిగితే ఇస్తారా?

ఎడిసన్ నుంచి: భయపడకండమ్మా. ఆ అపాయింట్‌మెంట్ వేలిముద్రలు, ఫొటో, సంతకం కోసం. మీకొచ్చిన అపాయింట్‌మెంట్ నోటీసు (ఐ-797సి), పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. 2025 నవంబరులో డీఎన్‌ఏనూ చేర్చే ప్రతిపాదన హోంలాండ్ సెక్యూరిటీ శాఖ (డీహెచ్‌ఎస్) పెట్టింది కాబట్టి నోటీసులో ఏం రాశారో ఒకసారి పూర్తిగా చదువుకోండి.

మీరు విన్నది అదుపులోకి తీసుకున్నవాళ్ళ సంగతి. 2005 చట్టం ఆ అధికారం ఇచ్చింది, 2020 ఏప్రిల్ నిబంధనతో అది ఇమిగ్రేషన్ డిటెన్షన్‌లో మామూలైపోయింది. విమానాశ్రయంలో సక్రమంగా ప్రవేశం కోరేవాళ్ళకు ఇది వర్తించదు. బుగ్గ లోపల రుద్దిన నమూనా ఎఫ్‌బీఐ ల్యాబ్‌కు వెళ్తుంది, ప్రొఫైల్ నేరస్థుల డేటాబేస్ 'కోడిస్'లో చేరుతుంది. కేసే లేని మనిషిని ఆ జాబితాలో పెట్టడం అన్యాయమే. సరిహద్దు, కస్టమ్స్ సంస్థ సీబీపీ రికార్డుల్లో నాలుగేళ్ళ బిడ్డ కూడా ఉన్నట్టు 2025లో వార్తలొచ్చాయి. అయినా అక్కడ నిరాకరించకండి, అదే నేరమవుతుంది. లాయర్‌తో తర్వాత పోరాడండి.

ఫ్రీమాంట్ నుంచి: రికార్డుల సంగతి నేను చెప్తాను. ఫోయా (అమెరికా సమాచార హక్కు చట్టం) అర్జీ పౌరులు కానివాళ్ళూ వేయొచ్చు. ఒకచోట వేస్తే అన్నీ రావు: దరఖాస్తుల ఫైలు గ్రీన్‌కార్డులు చూసే యూఎస్‌సీఐఎస్ దగ్గర, రాకపోకలూ సరిహద్దు అరెస్టులూ సీబీపీ దగ్గర, డిటెన్షన్ కాగితాలు ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే ఐస్ (ICE) దగ్గర ఉంటాయి. డిటెన్షన్ అయినవాళ్ళు ఐ-213 ఫారం (పట్టుకున్న అధికారి రాసే నివేదిక) పేరు పెట్టి అడగాలి. "నా రికార్డులన్నీ" అని రాస్తే తిరిగొస్తుంది. తేదీలు, చోటు, ఏ-నంబరు (మీ ఇమిగ్రేషన్ ఫైలు సంఖ్య) ఇవ్వండి.

మనవాళ్ళ అర్జీలు పేరు దగ్గరే దెబ్బతింటాయి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు అని) పడుతుంది, ఇంటిపేరు ముందో వెనకో ఉంటుంది. ఎన్ని రకాలుగా నమోదైందో అన్నీ రాయండి, లేకపోతే "రికార్డు దొరకలేదు" అంటారు. నోటరీ అక్కర్లేదు, అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న వాక్యం కింద సంతకం చాలు.

సాధారణ అర్జీదారుకు మొదటి రెండు గంటల వెతుకులాట, 100 పేజీలు ఉచితం. గడువు 20 పనిదినాలు, తరచూ దాటుతుంది. మీ సమ్మతి పత్రం లేకుండా మీ ఫైలు బయటివాళ్ళకు ఇవ్వరు. నల్లగా కొట్టేసిన పేజీలొస్తే అప్పీలుకు కనీసం 90 రోజులుంటాయి, ఉత్తరం మీది తేదీ నుంచి లెక్కపెట్టుకోండి.