ఆజుర్రూమియా తర్వాత ఏ పుస్తకం? బలాగా ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఏడాదిగా సొంతంగా ప్రాచీన అరబీ చదువుకుంటున్నాను. ఇబ్న్ ఆజుర్రూమ్ రాసిన తొలి వ్యాకరణ పుస్తకం ఆజుర్రూమియా పూర్తయింది కానీ, హరకాతులు (పొట్టి అచ్చుల గుర్తులు) లేని వాక్యం ఎదురైతే కర్త ఏదో కర్మ ఏదో తేల్చుకోలేక ఇప్పటికీ తడబడుతున్నాను. ఇక నేరుగా ఇబ్న్ మాలిక్ వ్యాకరణ గ్రంథం అల్ఫియాను కంఠస్థం చేయవచ్చా? అలంకారశాస్త్రమైన బలాగాను కూడా ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

జవాబు 1:
అల్ఫియాకు తొందరపడకండి. తెలిసిన విషయాన్ని మరచిపోకుండా ఉండేందుకు సుమారు వెయ్యి పద్యాల్లో బిగించి చెప్పిన గ్రంథమది. కొత్తగా నేర్చుకునేవారికి సూత్రం కంటే పద్యాన్ని విప్పుకోవడమే పెద్ద పని అవుతుంది. ముందు ఇబ్న్ హిషామ్ (మరణం 1360) రాసిన ఖత్ర్ అన్-నదా చదవండి. మూలం రాసిన ఆయనే దానికి వ్యాఖ్య కూడా రాశారు కాబట్టి ఆయన ఉద్దేశాన్ని ఊహించుకోవలసిన అవసరం ఉండదు. ఆ తర్వాత అల్ఫియాను ఇబ్న్ అఖీల్ వ్యాఖ్యతో చదివితే హాయిగా సాగుతుంది.

మీ తడబాటు మాత్రం ఇఅరాబ్ (పదం చివరి మార్పును బట్టి వాక్యంలో దాని పాత్ర తేల్చడం) అభ్యాసంతోనే పోతుంది. ‘జాఅ జైదున్’ (జైద్ వచ్చాడు), ‘రఅయ్తు జైదన్’ (జైద్‌ను చూశాను), ‘మరర్తు బిజైదిన్’ (జైద్ పక్కగా వెళ్లాను) అన్నప్పుడు, మన విభక్తులు చేసే పనిలో చాలావరకు ఆ చివరి అచ్చే చేస్తుంది. అలీ అల్-జారిమ్, ముస్తఫా అమీన్ కలిసి రాసిన అన్-నహ్వ్ అల్-వాదిహ్‌లో ఇలాంటి అభ్యాసాలు పుష్కలంగా ఉన్నాయి.

జవాబు 2:
బలాగాను ఖత్ర్ పూర్తయ్యేదాకా ఆపడమే మేలని నా అభిప్రాయం. అబ్దుల్ ఖాహిర్ అల్-జుర్జానీ తన దలాఇల్ అల్-ఇఅజాజ్‌లో ఒక సంఘటన చెబుతారు. ‘అబ్దుల్లాహి ఖాఇమున్’, ‘ఇన్న అబ్దల్లాహి ఖాఇమున్’, ‘ఇన్న అబ్దల్లాహి లఖాఇమున్’ మూడింటికీ అర్థం ‘అబ్దుల్లా నిలబడి ఉన్నాడు’ అని ఒక్కటేననీ, అరబీలో అనవసరపు మాటలు ఉన్నాయనీ తత్త్వవేత్త అల్-కిందీ అన్నారట. దానికి వచ్చిన సమాధానం ఇది: మొదటిది ఊరకే తెలియజేయడానికి, రెండవది అడిగినవారికి, మూడవది కాదని వాదించేవారికి. నొక్కి చెప్పే ‘ఇన్న’, ‘ల’ అనే లామ్ ఏం చేస్తాయో వ్యాకరణమైన నహ్వ్‌లో పట్టుబడకపోతే ఈ తేడాలోని అందం అందదు.

మొదటి పుస్తకంగా అల్-జారిమ్, అమీన్‌లదే అల్-బలాగా అల్-వాదిహా తీసుకోండి. మఆనీ (సందర్భానికి తగిన వాక్యరచన), బయాన్ (ఉపమ, రూపకం వంటివి), బదీఅ (శబ్ద, అర్థ అలంకారాలు) విభాగాలను పద్ధతిగా చదవాలనుకుంటే ఆపైన ఖజ్వీనీ తల్ఖీస్ ఉంది. అది చాలా క్లుప్తం కాబట్టి తఫ్తాజానీ వ్యాఖ్య తోడు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఖత్ర్ అన్-నదాలో ఏ ముద్రణ తీసుకోమంటారు?

జవాబు 1:
ముహమ్మద్ ముహ్యిద్దీన్ అబ్దుల్ హమీద్ పరిష్కరించినది. ఉదాహరణ పద్యాలకు ఆయన అడుగున మాటమాటకూ ఇఅరాబ్ ఇచ్చారు. ఆ భాగాన్ని కాగితంతో కప్పి, ముందు మీరే రాసి, తర్వాత సరిచూసుకోండి.