అప్‌డేట్: అమ్మకు పారాథైరాయిడ్ ఆపరేషన్ అయింది

అమ్మకు కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని, రక్తంలో కాల్షియం ఎక్కువగా, 11.6 ఉందని, పాలు మానిపించాలా అని పోయినసారి అడిగాను. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) పరీక్ష చేయించమన్నవారికి ముందుగా కృతజ్ఞతలు. అదీ ఎక్కువే వచ్చింది. కాల్షియం పెరిగితే ఈ హార్మోను తగ్గాలి. తగ్గలేదంటే తప్పు గ్రంథిది, పాలది కాదు. మానిపించవద్దనే డాక్టరు చెప్పారు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకటి ఉబ్బి, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి తోడేస్తోందట.

ఉబ్బిన గ్రంథి ఏదో చూపించే సెస్టామిబి స్కాన్‌లో అది ఎడమవైపు కింది గ్రంథి అని తేలింది. ఈలోగా మా పెద్దమ్మ ‘క్యాన్సరేమో’ అంటూ ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది. ఇలాంటి గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదని సర్జన్ చెప్పాకే ఊరుకుంది. గ్రంథి తీసిన కాసేపటికే పీటీహెచ్ సగానికి పైగా పడిపోయిందని ఆపరేషన్ థియేటర్‌లోనే చూసుకున్నారు.

మర్నాడు సాయంత్రం అమ్మకు పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. ఇన్నాళ్లూ పస్తులున్న ఎముకలు ఒక్కసారిగా కాల్షియం లాక్కుంటే అలా అవుతుందట. కాల్షియం మాత్రల మోతాదు పెంచాక తగ్గింది.

ఎముకల సాంద్రత పరీక్ష ఇంకా చేయించాలి. ఆరు నెలల తర్వాత కూడా కాల్షియం మామూలుగా ఉంటేనే నయమైనట్టు లెక్క అన్నారు.