మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు, గడ్డ మాత్రం అలాగే ఉంది

నా వయసు 43. ఎడమ రొమ్ములో, చంక వైపు పైభాగాన శనగగింజంత గడ్డ ఏడు వారాలుగా చేతికి తగులుతోంది. నొప్పి లేదు. గట్టిగా ఉంది, వేళ్ల కింద పెద్దగా కదలదు. నెలసరి వల్ల వచ్చిందేమోనని రెండుసార్లు ఆగి చూశాను, తగ్గలేదు. చర్మం సొట్టపడటం, చనుమొన నుంచి స్రావం లాంటివి లేవు.

పది రోజుల క్రితం మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయిస్తే ‘బైరాడ్స్ 1 (అంటే అనుమానించాల్సిందేమీ కనిపించలేదని), కణజాలం దట్టంగా ఉంది’ అని రిపోర్టు వచ్చింది. దట్టమైన కణజాలం, గడ్డ రెండూ ఫిల్మ్‌పై తెల్లగానే పడతాయి కదా, మరి ఈ రిపోర్టు చూసి ధీమాగా ఎలా ఉండను? వేలుపెట్టి చోటు చూపించినా డాక్టరు అల్ట్రాసౌండ్ రాయలేదు, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. వచ్చే వారం మరో డాక్టరును కలుస్తున్నాను.

చేతికి తగిలిన గడ్డ మామోగ్రామ్‌లో కనిపించనప్పుడు మీకు తర్వాత ఏ పరీక్ష చేశారు: అల్ట్రాసౌండా, నేరుగా బయాప్సీనా?