స్ట్రోక్ పేషంట్‌ను హైదరాబాద్ తీస్కపోయేటప్పుడు తల ఎంత ఎత్తుల ఉండాలె?

భూపాలపల్లి ఈఎంటీ (అంబులెన్స్ టెక్నీషియన్):
వరంగల్‌ల సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) అయింది, మెదడుకు పోయే పెద్ద నాళం మూసుకపోయిందని తేలింది, ఆ రక్తపు గడ్డ తీయడానికి హైదరాబాద్ పంపుతున్నరు అనుకుందాం. దాదాపు 145 కిలోమీటర్లు, ఉప్పల్ ట్రాఫిక్ కలిస్తే మూడు గంటలు. ట్రైనింగ్‌ల తల వైపు 30 డిగ్రీలు లేపుమన్నరు. న్యూరో సార్లు కొందరు మొత్తం పండవెట్టుమంటున్నరు. 2017ల వచ్చిన పెద్ద ట్రయల్‌ల తేడా ఏం లేదన్నరు గదా? ఏది పాటించాలె? వాంతి అయితే ఎట్ల?

న్యూరో పీజీ:
రెండు మాటలూ సరైనవే, పేషంట్లే వేరు.

మామూలు మెదడులో తల ఎత్తినా దించినా నాళాలు సన్నబడో వెడల్పయ్యో రక్తాన్ని సరిచేసుకుంటాయి. గడ్డ అవతలి భాగానికి ఆ శక్తి పోతుంది. పక్కదారుల్లో వచ్చే కొద్దిపాటి రక్తం మీద బతుకుతుంటుంది, బీపీ ఎంత తోస్తే అంతే వస్తుంది. గుండెకంటే తల 13 సెం.మీ. పైన ఉంటే అక్కడి ప్రెషర్ సుమారు 10 ఎంఎం తగ్గుతుంది. 30 డిగ్రీలు లేపితే ఇంచుమించు అంత ఎత్తే. బీపీ కఫ్ ఉండేది చేతికి కాబట్టి మానిటర్‌లో ఈ తగ్గుదల కనబడదు. 2005లో 20 మందికి డాప్లర్ (రక్తవేగం కొలిచే అల్ట్రాసౌండ్) పెట్టి చూస్తే, 30 నుంచి సున్నాకు దించినప్పుడు ఎంసీఏలో (మెదడులోని ఒక పెద్ద నాళం) రక్తవేగం సగటున 20 శాతం పెరిగింది.

మీరన్న 2017 నాటి ట్రయల్ హెడ్‌పోస్ట్‌లో 11,093 మంది ఉన్నారు, నిజమే. కానీ ఎక్కువమందివి చిన్న స్ట్రోకులు, స్ట్రోక్ తీవ్రత కొలిచే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు మధ్యస్థం 4. పైగా పడుకోబెట్టడం మొదలయ్యేసరికే స్ట్రోక్ వచ్చి సుమారు 14 గంటలు. బతకాల్సింది బతికి, పోవాల్సింది పోయాక పొజిషన్ మారిస్తే తేడా ఎక్కడ కనబడుతుంది? జోడియాక్ ట్రయల్‌లో అందరికీ పెద్ద నాళమే మూసుకుంది, ఇంకా గడ్డ తీయలేదు. 92 మందే. 30 డిగ్రీల్లో ఉన్నవాళ్లలో 55 శాతం మందికి లక్షణాలు ముదిరాయి, చదునుగా ఉన్నవాళ్లలో 2 శాతానికే. అది ఆస్పత్రి మంచం మీద చేసింది, అంబులెన్స్‌లో కాదు. అయినా మీరడిగిన పేషంట్‌కు సున్నానే నా ఓటు.

స్ట్రోక్ ఐసీయూ సిస్టర్:
సున్నా అంటే బ్యాక్‌రెస్ట్ మొత్తం దించుడు. మనోళ్లు అక్కడిదాక చేసి, మళ్ల తల కింద లావు మెత్త పెడతరు. గడ్డం ఛాతీకి ఆని, గాలి దారి మూసుకుంటది, మెడల సిర నలిగి మెదడు నుంచి రక్తం దిగదు. మెత్త తీసెయ్యి, లేకుంటే ఒక్క మడత టవల్ చాలు. ముక్కు, బొడ్డు ఒక్క గీత మీద ఉండాలె. మెడకు కట్టిన ఆక్సిజన్ తాడు బిగుసుకుందా చూడు (రక్తంల ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితెనే ఆక్సిజన్ పెట్టాలె).

వాంతికి తల లేపుడు కాదు, మనిషినే పక్కకు తిప్పాలె. బ్యాక్‌రెస్ట్ సున్నా మీదనే ఉంచి, మొత్తం ఒళ్లు ఒక్కసారి పక్కకు, చెంప కింద పలుచటి గుడ్డ. తల గుండె ఎత్తులనే ఉంటది, వాంతి బయటికే పోతది. పడిపోయిన చెయ్యి కింద నలగొద్దు. నోట్లెది గుంజే సక్షన్ మిషన్‌ను బండి కదలకముందే ఆన్ చేసి చూడు, వాంతి అయినంక వెతుక్కుంటే లాభం లేదు. దారిల నీళ్లు, గోలీ ఏదీ నోట్లె వెయ్యద్దు. బీపీ మంచిగున్న చేతికే కట్టు.

భూపాలపల్లి ఈఎంటీ:
సీటీ కానోళ్ల సంగతి? రక్తం కారిందో, గడ్డనో తెల్వదు గదా.

న్యూరో పీజీ:
తెలివిగా ఉండి, వాంతి, ఆయాసం లేకపోతే చదునుగానే తీసుకురండి. హెడ్‌పోస్ట్‌లో రక్తస్రావం ఉన్నవాళ్లూ కొందరున్నారు, పడుకోబెట్టినందుకు నష్టమేం కనబడలేదు. మత్తు పెరుగుతూ, తలనొప్పి, వాంతులు ఉంటే 30. సీటీలో రక్తస్రావం తేలినా, మెదడు వాచినా 30. గుండె ఫెయిల్యూర్ వల్ల పడుకుంటే దమ్ము ఆగనివాళ్లను బలవంతంగా పడుకోబెట్టొద్దు. ఆక్సిజన్ పడిపోతే రక్తం పెరిగి లాభమేంటి? 15 డిగ్రీలతో మొదలుపెట్టి, ఊపిరి ఆడే దాకానే లేపండి.

గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తే మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకు బీపీ చూడాలి, 180/105 దాటొద్దు. దారిలో ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి, మత్తు వస్తే రక్తం కారిందనే అనుకోండి: డ్రిప్‌లో మందు ఇంకా పోతుంటే ఆపి, తల లేపి, పంపిన డాక్టర్‌కు ఫోన్.

స్ట్రోక్ ఐసీయూ సిస్టర్:
30 కావాలంటే కంటిలెక్క నమ్మకు, అందరు 45 దాక లేపుతరు. బ్యాక్‌రెస్ట్ పొడుగు 70 సెం.మీ. ఉంటే పైకొస ఉన్న చోటు నుంచి 35 సెం.మీ. లేవాలె, అదే 30 డిగ్రీలు. ఆ చోట స్ట్రెచర్ రాడ్‌కు ప్లాస్టర్ ముక్క అంటించి పెట్టుకో. నడుము బ్యాక్‌రెస్ట్ మడత దగ్గరనే ఉండాలె. గతుకులకు మనిషి కిందికి జారితే వంగేది నడుము కాదు, పొట్ట, మెడ. హన్మకొండ దాటినంక ఒకసారి, జనగామల ఒకసారి పైకి జరుపు.