అడవి ఆదాయంలో బడికి వాటా పెట్టాలా? (సిరొంచ, అహేరి వాళ్లు చెప్పండి)

ప్రాణహిత ఒడ్డు:
అమెరికాలో 1908 నుంచి ఒక పద్ధతి ఉంది. జాతీయ అడవుల మీద వచ్చే ఆదాయంలో 25 శాతం ఆ జిల్లాల బడులకు, రోడ్లకు ఇస్తారు. సర్కారు భూమి మీద పన్ను రాదు కదా, దానికి బదులన్నమాట. మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలో మూడింట రెండొంతులు అడవే. మనకెందుకు ఉండకూడదు?

చాక్‌పీసు:
మిగతా కథ కూడా చెప్పు అన్నా. 1990లో అక్కడ ఒక జాతి గుడ్లగూబను కాపాడాలని ప్రకటించాక ఓరెగాన్ వైపు కలప కోత బాగా తగ్గింది. బడుల డబ్బూ దాంతోపాటే పోయింది. 2000లో వేరే చట్టం చేసి ఖజానా నుంచి సర్దారు. దాని గడువు అయిపోయినప్పుడల్లా మళ్లీ టెన్షనే. చెట్టు కొడితేనే టీచరు అంటే కొట్టొద్దని ఊళ్లో ఎవరంటారు?

కల్లం కాడ:
తునికాకు జోలికి మాత్రం రాకండి. 2006 అటవీ హక్కుల చట్టంతో ఆకు మీద, వెదురు మీద హక్కు మాది. మా అమ్మ చీకటితోనే పోయి తెంపుకొస్తుంది. మధ్యాహ్నమంతా ఇంట్లో అందరం కూర్చుని డెబ్బై ఆకులకో కట్ట కడతాం. ఆకు చిన్నదనో, చిల్లు పడిందనో కల్లంలో, అంటే ఆకు కొనే చోట, పక్కన పడేసిన కట్టకు పైసా రాదు. మిగిలిన దాంట్లో బడికి వాటానా? నాగపూర్‌లో బడి కోసం ఎవరి కూలి కోస్తున్నారు?

ప్రాణహిత ఒడ్డు:
కూలి సంగతి కాదు తమ్మీ. ఆలాపల్లి టేకు వేలం డబ్బు గురించి అంటున్నా.

చాక్‌పీసు:
టేకు డబ్బయినా ఏటా ఒకేలా రాదు. అసలు చిక్కు తలల లెక్కలో ఉంది. బడులకు సర్కారు డబ్బిచ్చే సమగ్ర శిక్షా పథకం కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. అడవి గూడేల్లో అంతకంటే పిల్లలు ఎక్కడుంటారు? నాకు తెలిసిన ఒక బడిలో రేకు చిల్లుపడి రెండో తరగతిని వరండాలో కూర్చోబెట్టారు. ఆ డబ్బు రిజిస్టర్లకు, కరెంటు బిల్లుకు, చీపుర్లకే అయిపోయింది.

బడికి జాగా దొరకడం కష్టమని కొందరంటారు, అదీ సాకే. అదే 2006 చట్టం 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమి బడికి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. జాగా ఇస్తారు సరే, రేకులెవరిస్తారు? గనికి పోయిన అడవికి బదులుగా కట్టించుకునే డబ్బు మొక్కలకే, బడికి రాదు. గనుల వాళ్లు కట్టే జిల్లా ఖనిజ నిధిలో మాత్రం చదువుకు చోటుంది. మన జిల్లాలోనే సూర్జాగడ్ కొండల్లో ఇనుము తవ్వుతున్నారు కాబట్టి అక్కడ అడగాలి.

కల్లం కాడ:
ఆ నిధి ముందు గని చుట్టుపక్కల ఊళ్లకే కదా. ఆ గని ఉన్న ఎటపల్లి వాళ్లకు పోను సిరొంచకేం మిగులుతుంది?

చాక్‌పీసు:
వాళ్లకే ముందు, న్యాయమే. అందుకే మన గ్రాంటుకు తలలు కాకుండా దూరం లెక్కపెట్టమంటున్నా. వానలకు వాగు పొంగితే తెగిపోయే ఊళ్ల లిస్టు తహసీల్ ఆఫీసులో ఎలాగూ ఉంటుంది.