ఇన్‌హేలర్‌ను పారేయకుండా మళ్లీ వాడితే భూమికీ జేబుకూ నిజంగా మేలేనా?

మందారం:
ఆసుపత్రికి మందులు కొనే విభాగంలో పనిచేస్తున్నాను. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగులకిచ్చే ఇన్‌హేలర్ల విషయంలో మాలో మాకు వాదన తెగడం లేదు. మీరేమంటారో చెప్పండి.

మందు అయిపోగానే పరికరం కూడా చెత్తలోకి పోవాలా? తుంపరగా మందునిచ్చే రెస్పిమ్యాట్‌లో కార్ట్రిడ్జ్ (మందుండే గొట్టం) ఒక్కటే మార్చుకునే రకం వచ్చింది. ఒక పరికరానికి ఆరు కార్ట్రిడ్జ్‌ల దాకా వాడవచ్చు. నెలకొకటి వాడేవారికి ఆరు నెలలు గడిచిపోతాయి. క్యాప్సూల్‌కు రంధ్రం చేసి పొడిని పీల్చే హ్యాండీహేలర్ వంటివి ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. ఇవన్నీ ఉండగా నెలనెలా స్ప్రింగుతో సహా కొత్త పరికరం కొనడం, పాతది పారేయడం నాకు మింగుడు పడడం లేదు. మళ్లీ వాడే రకం దొరికే ప్రతి మందుకూ ఆసుపత్రి అదే కొనాలన్నది నా వాదన.

గణితమిత్ర:
మందారం గారూ, ప్లాస్టిక్ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి దృష్టీ దాని మీదే పడుతుంది. అసలు నష్టం కనిపించని వాయువుతోనే జరుగుతోంది.

నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌లో మందును బయటికి నెట్టేది ఎక్కువగా హెచ్‌ఎఫ్‌సీ-134ఎ అనే వాయువు. వందేళ్ల లెక్కన చూస్తే ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి వాడే సాల్బ్యుటమాల్ మందు రెండు వందల డోసుల డబ్బాల్లో కొన్నింటిలో ఇది 18 గ్రాముల దాకా ఉంటుంది. గుణించి చూడండి. అరచేతిలో ఇమిడే ఆ చిన్న డబ్బా 25 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. కొన్ని మందుల్లో వాడే హెచ్‌ఎఫ్‌సీ-227ఇఎ అయితే 3,220 రెట్లు.

పొడి ఇన్‌హేలర్‌లో గానీ తుంపర ఇన్‌హేలర్‌లో గానీ ఈ వాయువే లేదు. పారేసే రకమైనా సరే, వాటి కర్బన భారం సాధారణంగా ఒక కిలో చుట్టుపక్కలే ఉంటుంది. మీరు పోరాడుతున్నది ఆ ఒక్క కిలోలో కొంత భాగం కోసం. పాతిక కిలోల డబ్బా పక్కనే నిలబడి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొత్తం కర్బన ఉద్గారాల్లో ఇన్‌హేలర్ల వాటా దాదాపు 3 శాతమని వాళ్ల లెక్క. దానికి ముఖ్య కారణం ఈ వాయువే.

మందారం:
లెక్క ఒప్పుకుంటాను, కానీ దాని నుంచి మీరు తేల్చినది ఒప్పుకోను. వాయువు పెద్ద సమస్య అయినంత మాత్రాన ప్లాస్టిక్ సమస్య కాకుండా పోదు. తుంపర ఇన్‌హేలర్‌కు మారిన రోగి ఆ మందును ఏళ్ల తరబడి వాడతాడు. పరికరాన్ని ఆరు నెలలు నిలుపుకుంటే ఆ మిగిలిన భారం కూడా సగానికి పైగా తగ్గుతుందని తయారీదారుల అంచనా. పెద్ద పని చేతకాలేదని చిన్న పని మానుకుంటామా? పైగా ఏ వాయువున్న ఇన్‌హేలర్ రాయాలన్నది డాక్టరు చేతిలో ఉంటుంది. కొనే పరికరం మాత్రం మా చేతిలో ఉంది.

శ్వాసదీపం:
ఛాతీ వ్యాధుల విభాగంలో నర్సుగా రోగులకు ఇన్‌హేలర్ వాడకం నేర్పుతాను. మీ ఇద్దరి మాటల్లోనూ రోగి చేతులు, రోగి ఊపిరి కనిపించడం లేదు.

మళ్లీ వాడే తుంపర పరికరంలో కార్ట్రిడ్జ్ ఎలా ఎక్కించాలో ఒకసారి చూడండి. అడుగు తొడుగు ఊడదీసి, కార్ట్రిడ్జ్ సన్నని వైపును లోపలికి దోపి, గట్టి బల్ల మీద ఆనించి బలంగా నొక్కాలి. తరువాత అడుగును సగం తిప్పి, మూత తెరిచి, మీట నొక్కుతూ తుంపర కనిపించే దాకా చేయాలి. కనిపించాక మరో మూడుసార్లు చేయాలి. వేళ్ల కీళ్లు వాచిన డెబ్బై ఏళ్ల మనిషికి ఆ నొక్కడమే పెద్ద గండం. ఇంట్లో సాయం చేసేవారు లేకపోతే కార్ట్రిడ్జ్ సగం ఎక్కిన పరికరంతోనే రోజులు గడిపేస్తారు. మందు అందదు, మళ్లీ ఆసుపత్రిలో చేరతారు. ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే అయ్యే ఖర్చు, కర్బనం ముందు మీరు మిగిల్చిన ప్లాస్టిక్ ఏ మూలకు?

క్యాప్సూల్ రకం పరికరాన్ని నెలకోసారి గోరువెచ్చని నీటితో కడిగి, రోజంతా గాలికి ఆరబెట్టాలి. తడి ఉండగానే క్యాప్సూల్ వేస్తే పొడి లోపలే అంటుకుపోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే డబ్బా చేతికిచ్చి పంపించేస్తున్నారు.

గణితమిత్ర గారికి కూడా ఒక మాట. పొడి ఇన్‌హేలర్‌ను రోగి తన ఊపిరి బలంతోనే లాగాలి. చిన్నపిల్లలు అలా లాగలేరు. ఆయాసం ముదిరిన మనిషీ లాగలేడు. వాళ్లకు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టంతో) నొక్కే ఇన్‌హేలరే ప్రాణం నిలుపుతుంది. పర్యావరణం పేరు చెప్పి దాన్ని లాక్కోవడానికి నేను ఒప్పుకోను.

గణితమిత్ర:
లాక్కోమని ఎవరన్నారు? వాడగలిగినవారికి ఇవ్వమంటున్నాను. బ్రిటన్‌లో పదింట ఏడు ఇన్‌హేలర్లు నొక్కే రకమైతే, స్వీడన్‌లో అవి పదింట ఒకటికి కాస్త అటూఇటూ. స్వీడన్ మనుషుల ఊపిరితిత్తులు వేరే రకం కావు కదా. అక్కడ డాక్టర్ల అలవాటు వేరు, అంతే.

నిశిత:
ఖర్చు గురించి ఇంతవరకు ఎవరూ సరిగా మాట్లాడలేదు. నేను ఫార్మసిస్టును. పర్యావరణం కోసం ఇన్‌హేలర్లను మార్చడం ఇది మొదటిసారి కాదు.

నొక్కే ఇన్‌హేలర్ 1956లో వచ్చినప్పుడు దానిలో సీఎఫ్‌సీ వాయువు ఉండేది. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక దాన్ని క్రమంగా తప్పించి హెచ్‌ఎఫ్‌సీ తెచ్చారు. అమెరికాలో 2008 చివరితో సీఎఫ్‌సీ సాల్బ్యుటమాల్ అమ్మకం ఆగిపోయింది. వాయువు మారడంతో కొత్త పేటెంట్లు వచ్చాయి, చవకైన జనరిక్ మందులు పోయాయి. బీమా ఉన్నవారు కూడా ఒక్కో ఇన్‌హేలర్‌కు తమ చేతి నుంచి కట్టే సొమ్ము 2004లో సగటున 13.60 డాలర్లు ఉండేది. నిషేధం వచ్చిన వెంటనే అది 25 డాలర్లయింది. మార్పు సరైనదే. ఓజోన్ పొరకు మేలు జరిగింది. బిల్లు మాత్రం ఉబ్బసం రోగుల నెత్తిన పడింది.

అదే ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణతో ఇప్పుడు హెచ్‌ఎఫ్‌సీల వంతు వచ్చింది. భూమిని వేడెక్కించే గుణం చాలా తక్కువగా ఉండే హెచ్‌ఎఫ్‌సీ-152ఎ, హెచ్‌ఎఫ్‌ఓ-1234జెడ్‌ఇ వాయువులతో ఇన్‌హేలర్లు తయారవుతున్నాయి. రెండో రకం వాయువుతో తయారైన ఒక సీఓపీడీ ఇన్‌హేలర్‌కు బ్రిటన్ 2025లో అనుమతి ఇచ్చింది. ధర విషయంలో మళ్లీ అదే కథ జరగకుండా చూడాలి. మందారం గారూ, మీరు కొనుగోలు విభాగంలో ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను: పరికరం లేకుండా కార్ట్రిడ్జ్ ఒక్కటే కొన్నప్పుడు ధర తగ్గుతోందా? రెండూ ఒకే ధరైతే మళ్లీ వాడడం వల్ల మిగిలిన డబ్బు కంపెనీకి పోతుంది, రోగికి కాదు.

మందారం:
సరైన చోట పట్టుకున్నారు. టెండర్‌లో మేము మందు ధరే చూస్తాం, పరికరం ధర విడిగా అడగం. ఇకమీదట అడగాల్సిందే. ఇంకో సంగతి కూడా ఉంది. రోగి తన పరికరాన్ని ఇంట్లో వదిలి ఆసుపత్రికి వస్తాడు. వార్డులో కొత్తది ఇస్తాం. డిశ్చార్జి అయినప్పుడు మరొకటి రాస్తారు. ఇలా ఆరు నెలలు రావాల్సిన పరికరాలు ఒకే మనిషి దగ్గర రెండు మూడు పోగవుతాయి. సొంత ఇన్‌హేలర్ వెంట తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ కాగితం మీద ఒక్క వాక్యం రాస్తే చాలు, చాలా దుబారా ఆగుతుంది.

శ్వాసదీపం:
ఆ వాక్యానికి నా రెండు చేతులూ ఎత్తుతాను. దుబారా మాట వచ్చింది కాబట్టి అసలు దుబారా ఎక్కడుందో చెబుతాను.

లెక్క చూపే మీటరు లేని డబ్బాలో మందు అయిపోయాక కూడా వాయువు బుసకొడుతూనే ఉంటుంది. మందు వస్తోందనుకుని వట్టి వాయువునే పీలుస్తుంటారు కొందరు. ఇంకొందరు భయంతో సగం ఉన్నదాన్ని పారేస్తారు. ఊపి చూస్తే తెలియదు. నీళ్లలో వేసి తేలుతుందా అని చూడడం కూడా నమ్మదగినది కాదు, పైగా నోజిల్ పాడవుతుంది. పారేసిన డబ్బాలో మిగిలిన వాయువు చెత్తకుప్పలో మెల్లగా బయటపడుతుంది. తిరిగి సేకరించి బాగా ఎక్కువ వేడి దగ్గర కాల్చేస్తే చాలావరకు నాశనమవుతుంది. కాబట్టి ఖాళీ డబ్బాను వెనక్కి తీసుకునే పెట్టె ఒకటి ప్రతి మందుల కౌంటర్‌లోనూ ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద దుబారా వేరే ఉంది. జబ్బు అదుపులో లేక రోజూ ఉపశమన ఇన్‌హేలర్ కొట్టుకోవడం. బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలపై 2014లో వచ్చిన సమీక్షలో, ఉపశమన ఇన్‌హేలర్ వాడుతూ చనిపోయినవారిలో 39 శాతం మందికి అంతకు ముందటి ఏడాదిలో పన్నెండుకు మించి డబ్బాలు రాసి ఉన్నాయి. నెలకు ఒకటి దాటిందన్నమాట. వాళ్లకు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సరిగా అంది ఉంటే ఆ డబ్బాల్లో చాలావాటి అవసరమే ఉండేది కాదు. 2019 నుంచి గినా (ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు కూడా ఉపశమన మందు ఒక్కటే ఇచ్చి పంపవద్దంటున్నాయి.

గణితమిత్ర:
ఇది నా లెక్కకు బలం చేకూర్చేదే. పన్నెండు డబ్బాలు పాతిక కిలోల చొప్పున వేస్తే ఒక్క మనిషికి ఏడాదికి మూడు వందల కిలోలు.

మందారం:
అయితే కొనుగోలు కమిటీ ముందు ఇలా పెడతాను. కార్ట్రిడ్జ్‌కు విడి ధర ఇవ్వని కంపెనీ టెండర్‌లో మార్కులు కోల్పోవాలి. ఖాళీ డబ్బాలను వెనక్కి తీసుకునే బాధ్యత అమ్మినవారిదే కావాలి. డోసుల మీటరు లేని నొక్కే ఇన్‌హేలర్ కొనకూడదు. మళ్లీ వాడే పరికరం ఇచ్చే ముందు రోగి చేత కార్ట్రిడ్జ్ ఎక్కించి చూడాలి. ఎక్కించలేకపోతే పారేసే రకమే ఇవ్వాలి.

శ్వాసదీపం:
ఆ చివరి పరీక్షకు ఒక్కో రోగికి పావుగంటైనా పడుతుంది. ఆ సమయానికి నర్సును ఎవరు కేటాయిస్తారో అదే కాగితంలో రాయండి. లేకపోతే పరికరం మాత్రమే మారుతుంది, నేర్పేవారు ఉండరు.

నిశిత:
మీటరు నిబంధన మీద నాకు అభ్యంతరం ఉంది. మీటరున్న డబ్బా చాలాచోట్ల ఖరీదెక్కువ. ఆ తేడా ఆసుపత్రి భరిస్తుందా, రోగి భరిస్తాడా అన్నది ముందు తేల్చండి. అది తేలకుండా ఆ నిబంధన పెడితే మాత్రం నేను వ్యతిరేకిస్తాను.